నడుం నొప్పికి వీఆర్ హెడ్‌సెట్టా, ఫిజియో నేర్పే వ్యాయామమా? పెద్దవాళ్లకు ఏది మేలు?

మూడు నెలలు దాటినా వదలని నడుం నొప్పికి కదలికే అసలు మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామం చేయమన్నాయి. తిరుపతిలో మందుల షాపుకెళితే ముందు చేతిలో పెట్టే నడుం బెల్టునీ, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌నీ మాత్రం వద్దన్నాయి.

వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆటలోని లోకం మన చుట్టూ ఉన్నట్టే కనపడుతుంది. దాని బలమంతా భయం పోగొట్టడంలో ఉంది. ఫిజియో కాస్త వంగమంటే మా అవ్వ "వద్దు నాయనా, పట్టేస్తుంది" అని మంచం కోడు వదిలేది కాదు. హెడ్‌సెట్ పెట్టాక ఆటలోని సీతాకోకచిలుకను అందుకోబోయి చెయ్యి తలపైకి లేపింది, నడుమూ తిప్పింది. ధ్యాసంతా ఆట మీదుంటే నొప్పి వెనక్కి పోతుంది.

అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2021 నవంబర్‌లో ఈ నొప్పికి ఒక వీఆర్ పరికరాన్ని అనుమతించింది. కానీ ఆ 8 వారాల ప్రోగ్రామ్‌లో నేర్పేది ఊపిరి మీద ధ్యాస, నొప్పిని తట్టుకునే పద్ధతులే, కసరత్తు కాదు. ఆ అనుమతి పేరు చెప్పి ఎవరైనా మామూలు గేమ్ అంటగడితే నమ్మొద్దు.

ఇంకో చిక్కుంది. మామూలు హెడ్‌సెట్‌కి తల, చేతులు ఎక్కడున్నాయో తెలుస్తుంది. నడుం ఎలా వంగిందో కచ్చితంగా తెలీదు. తప్పుగా వంగినా పాయింట్లిచ్చేస్తుంది. పైగా క్వెస్ట్ 3 అనే హెడ్‌సెట్ బరువు 515 గ్రాములు, మెడ నొప్పి ఉన్నవాళ్లకు అదో బాధ. గది కనపడదు, కొందరికి కళ్లు తిరుగుతాయి. చేతులున్న కుర్చీలో కూర్చునే ఆడాలి, పక్కన మనిషుండాలి.

తిరుపతిలోని బర్డ్, స్విమ్స్ లాంటి ఆసుపత్రుల్లో ఫిజియో అయితే నడుం మీద చెయ్యేసి సరిచేస్తారు. ఓపీ లైను, ఆటో ఖర్చు తప్పవు. ఇంటికొచ్చాక విసుగొచ్చి మానేసేవాళ్లే ఎక్కువ, అది వేరే సంగతి. నడక కావాలంటే ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్ చాలు. అలిపిరి 3,550 మెట్ల జోలికి పోవద్దు. 60 దాటినవాళ్లు నడిచి రావొద్దని టీటీడీయే చెప్తోంది.

నన్నడిగితే ముందు ఫిజియోనే. వంగాలంటే భయపడేవాళ్లకు, విసుగొచ్చి మానేసినవాళ్లకు ఆయన సరేనంటే హెడ్‌సెట్ తోడు పెట్టొచ్చు. పిల్లలు తెచ్చింది ఇంట్లో ఉంటే వాడండి, దీనికోసమని కొనకండి. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా ఈ రెండూ పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.