చాప మీద కూర్చొని వాయించేవాళ్ళకి ప్రాక్టీస్ మ్యూట్ పనికొస్తుందా?

వయొలిన్ ప్రాక్టీస్ మ్యూట్ అంటే శబ్దం తగ్గడానికి వాద్యం మీద తగిలించే చిన్న బరువు. దాన్ని తయారుచేసేవాళ్ళు చాప మీద కూర్చొని వాయించే మనిషిని ఒక్కసారి చూసి ఉన్నా, దాని పట్టు ఇంత నాసిగా చేసేవాళ్ళు కాదు. మూడేళ్ళ పైమాటే వాడుతున్నాను. ఈ అపార్ట్‌మెంట్‌లో నా సాధన సాగుతోందంటే దాని పుణ్యమే, కాదనను. అయినా ఆ పట్టు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో రెండో అంతస్తు. కింద ఫ్లాట్ ఆయనకి కృష్ణపట్నంలో షిఫ్టు డ్యూటీ. ఏ వారం ఏ వేళలో పడుకుంటాడో వాళ్ళావిడకే సరిగ్గా తెలీదు. పక్క ఫ్లాట్ అమ్మాయి నీట్‌కి చదువుతోంది. మా ఊళ్ళో ఇంటర్ పిల్లలున్న ఇంటి పక్కన ఉంటే మిక్సీ వేయాలన్నా టైము చూసుకోవాలి. నాకేమో ఆఫీసు. వయొలిన్ పట్టుకోవడానికి కుదిరేది తెల్లవారుజామున, లేకపోతే రాత్రి వంటిల్లు సర్దుకున్నాక. బ్రాహ్మీ ముహూర్తంలో చేసిన సాధనే సాధన అంటారు మా గురువుగారు. మా అసోసియేషన్ వాళ్ళు లిఫ్టులో అంటించిన కాగితం ఇంకో మాట చెబుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా రాత్రే. ఇళ్ళున్న చోట పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆ కాగితం పెళ్ళిళ్ళ డీజేల కోసం అంటించారు, నా కోసం కాదు. కానీ వయొలిన్ శబ్దం వాయించేవాళ్ళ చెవి దగ్గర 80 దాటడం మామూలే. లిఫ్టులో దిగేటప్పుడల్లా నన్నే అన్నట్టుండేది.

కిటికీలు మూసుకోమన్నవాళ్ళున్నారు. రోహిణి కార్తెలో నెల్లూరు వచ్చి ఆ మాట అనమనండి. పైగా అపార్ట్‌మెంట్లలో శబ్దం కిటికీలోంచి ఒక్కటే పోదు. బాత్రూముల వెనక డక్ట్ ఉంటుంది చూశారా, దాంట్లోంచి అన్ని అంతస్తులకీ సమానంగా పంపిణీ అవుతుంది. గోడకి కోడిగుడ్ల అట్టలు అంటించమని ఒకాయన సలహా ఇచ్చారు. అవి గదిలో గింగురుమనే ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయేమో గానీ, గోడ దాటే శబ్దాన్ని ఆపలేవు. ఎలక్ట్రిక్ వయొలిన్ సంగతీ ఆలోచించాను. యమహా 1997లోనే సైలెంట్ వయొలిన్ తెచ్చింది, హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వాయించుకోవచ్చు. తెలిసినవాళ్ళింట్లో అలాంటిదొకటి చేతిలోకి తీసుకొని చూశాను. రొమ్ముకి ఆనించినా నాదం ఒంటికి తగల్లేదు. నాకు నచ్చలేదు. ఖరీదు విన్నాక ఇంకా నచ్చలేదు.

అలా మ్యూట్ దగ్గరికి వచ్చాను. దీని పని సులువు. తీగ కదలిక, తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జి అనే చిన్న చెక్క మీదుగానే వయొలిన్ పెట్టెలోకి దిగాలి. ఆ బ్రిడ్జి బరువు రెండు గ్రాముల చిల్లర. అంత తేలికైన చెక్క నెత్తిన పెద్ద బరువు పెడితే అది కదలడానికి మొరాయిస్తుంది, పెట్టెకి అందే శబ్దం తగ్గిపోతుంది. కచేరీల్లో వాడే చిన్న రబ్బరు బిళ్ళ వేరు, అది నాదం రంగు మార్చడానికే. ఇంట్లో సాధనకి కావలసింది బరువైనది. బరువు ఎక్కువైతే శబ్దం అంత తగ్గుతుందని చెన్నైలో షాపువాళ్ళు చెబితే లోహంతో చేసి నికెల్ పూత పూసినది తెచ్చుకున్నాను.

శబ్దం తగ్గించడంలో దానికి వంక పెట్టలేం. తలుపు వేస్తే మా హాల్లోకే సరిగా వినబడేది కాదు. మా ఆయన "మొదలుపెట్టావా?" అని గదిలోకి తొంగి చూసేవారు.

ఇక పట్టు. భుజం మీద పెట్టుకొని వాయించే పద్ధతిలో వయొలిన్ దాదాపు నేలకి సమాంతరంగా ఉంటుంది. మ్యూట్ బరువు తిన్నగా బ్రిడ్జి మీదే దిగుతుంది. మనం కూర్చొని, కుడికాలు కాస్త ముందుకు పెట్టి, వయొలిన్ తలని చీలమండ మీద ఆనిస్తాం. పెట్టె రొమ్ము దగ్గర పైన, తల కాలి దగ్గర కింద. అంటే మొత్తం వాద్యం ఏటవాలు. బ్రిడ్జి మీద కూర్చున్న బరువు రోజంతా ముందుకి, అంటే ఫింగర్‌బోర్డు వైపుకి ఒరగాలనే చూస్తుంది. దానికి తోడు మన గమకాలు. వేళ్ళకి కొబ్బరినూనె రాసుకొని జారు వేస్తుంటే చెయ్యి తీగ మీద పైకీ కిందకీ పోతుంటుంది, వాద్యం సన్నగా ఊగుతూనే ఉంటుంది. నా బ్రిడ్జి పైఅంచు కూడా కాస్త పల్చన. మ్యూట్ గాడికీ దానికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండేది.

ఒకరోజు తోడి రాగం మీద పడ్డాను. తోడి గాంధారం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అది ఒక చోట నిలిచే స్వరం కాదు, ఊపితేనే గాంధారం. తెల్లవారుజామున ఇల్లంతా నిద్రలో ఉంది. గాంధారాన్ని పట్టుకొని అదే పనిగా ఊపుతున్నాను. కాసేపటికి ఎక్కడినుంచో జుయ్‌మని సన్నటి రొద. తీగ వదులైందేమో అని బిరడ చూశాను, సరిగ్గానే ఉంది. మళ్ళీ మొదలుపెట్టాను. రొద పెద్దదైంది. వంగి చూద్దామనుకునేలోపు మ్యూట్ ముందుకి తల వాల్చింది. తీగల మీద పడి, అన్ని తీగల్నీ ఒకేసారి మోగించి, అక్కణ్ణుంచి ఎగిరి పెట్టె మీద సౌండ్ హోల్ పక్కన ఠప్పున తగిలి, అంచు దాటి టైల్స్ మీద పడింది. చాప చివరి దాకా ఉండి ఉంటే బాగుండు, లేదు. పడ్డాక ఊరుకుందా? గుండ్రటి అంచు మీద దొర్లుకుంటూ మంచం కిందకి పోయింది.

ఆ ఇంట్లో మేం కాపురం పెట్టాక అంత పొద్దున అంత పెద్ద శబ్దం నేను చేయలేదు. మ్యూట్ లేకుండా మేళకర్తలన్నీ వాయించినా అంత మోత వచ్చేది కాదు. పక్క ఫ్లాట్‌లో లైటు వెలిగింది. కింద ఆవిడ మెట్ల దగ్గర కనిపించినప్పుడు, "అక్కా, పొద్దున్నే ఏందో పడినట్టుంది, దెబ్బలేం తగల్లేదు కదా?" అని అడిగింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

పెట్టె మీద వార్నిష్ లేచిపోయి, చెక్కలో గోరంత గుంట పడింది. పగులు ఇచ్చిందేమో అన్న టెన్షన్‌తో ఆ వారం నాకు ఆఫీసులో ఏ పనీ తోచలేదు. నెల్లూరులో ఈ పని చేసేవాళ్ళు నాకు దొరకలేదు. సెలవు చూసుకొని పినాకినిలో చెన్నై పోయాను. రిపేరు చేసే పెద్దాయన పెట్టెని వేలి కణుపుతో అక్కడక్కడా తట్టి విన్నాడు, సౌండ్ హోల్‌లోంచి చిన్న లైటు దించి లోపల చూశాడు. పగల్లేదన్నాడు. గుంట మాత్రం అలాగే ఉంటుంది, నాదానికి ఢోకా లేదు, కనబడకుండా చేయాలంటే ఉన్న వార్నిష్ కూడా చెడగొట్టాలి, వద్దన్నాడు. తర్వాత మ్యూట్ చేతిలోకి తీసుకొని బరువు చూసి నవ్వాడు. కింద కూర్చొని వాయించేవాళ్ళు ఇది తెస్తూనే ఉంటారట, గుంటలు చూపిస్తూనే ఉంటారట. డబ్బా మీద ఆ ముక్క ఒక్కటి రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

ఆయన సలహా మీదే రబ్బరుదానికి మారాను. ఇది లోహపుదానికన్నా చాలా తేలిక, బ్రిడ్జిని కాస్త కిందిదాకా పట్టుకుంటుంది. గాడిలోపల పల్చటి మెత్తని తోలుముక్క అంటించాను, సందు పూడింది. ఇంకో జాగ్రత్తగా మ్యూట్‌కి నూలు దారం కట్టి రెండో కొసని టెయిల్‌పీస్‌కి, అంటే తీగల కొసలు తగిలించే పలకకి ముడేశాను. జారినా వేలాడుతుంది గానీ పడదు. దారం తీగకి తగిలితే మళ్ళీ రొద మొదలవుతుంది కాబట్టి ముడి ఎక్కడ వేస్తున్నామో చూసుకోవాలి. ఇంత చేసినా తోడి, భైరవి లాంటివి ఎత్తుకున్నప్పుడు మధ్యమధ్యలో వేలితో నొక్కి చూసుకోవడం అలవాటైపోయింది. రబ్బరు కూడా శాశ్వతం కాదు. మా ఎండలకి గాడి వదులై ఒకటి మార్చాల్సి వచ్చింది. వందల్లో దొరికే వస్తువు కాబట్టి దాని గురించి పెద్దగా బాధ లేదు. సాధన అయిపోగానే తీసేయండి, బ్రిడ్జి మీదే వదిలేసి వయొలిన్‌ని కేసులో పెడితే బ్రిడ్జి ముందుకి వాలుతుంది.

రబ్బరుది లోహపుదంత మౌనంగా ఉండదు. హాల్లోకి వినిపిస్తుంది, పక్కింటికి పోదు. ఆ మాత్రం చాలనుకున్నాను. ఆ తర్వాత కింద ఆవిడే ఒకరోజు మొహమాటపడుతూ, "వయొలిన్ కాదక్కా, అదసలు వినపడదు. ఆ గుయ్యిమనేది ఒకటుంటది చూడండి, ఆయనకి దానికే మెలకువొచ్చేస్తుండాది" అంది. గుయ్యిమనేది శ్రుతి పెట్టె! వయొలిన్ నోరు నొక్కాం గానీ శ్రుతికి ఎవరు మూత వేశారు? నేలమీద పెట్టిన పెట్టెలోంచి షడ్జమ పంచమాలు స్లాబులోకి దిగి, కింద వాళ్ళ పడకగది పైకప్పులో మోగుతున్నాయి. ఆగకుండా, మారకుండా సాగే నాదం కదా, నిద్రలో ఉన్నవాడికి వయొలిన్ కంటే అదే పెద్ద చిరాకు. ఇప్పుడు ఫోన్‌లో శ్రుతి పెట్టుకొని ఎడమచెవిని వయొలిన్‌కి వదిలేసి కుడిచెవికి ఇయర్‌ఫోన్ తగిలిస్తున్నాను. మ్యూట్ కొనేవాళ్ళకి ఎవరూ చెప్పని సంగతి ఇది. వాద్యం ఒక్కటీ తగ్గిస్తే సరిపోదు.

మొదటి ఏడాది మా క్లాసులో కనిపించిన ప్రతి ఒక్కరికీ మ్యూట్ కొనుక్కోమని చెప్పాను. ఇప్పుడు అడిగితేనే చెబుతున్నాను, అదీ ఒక మాట కలిపి.

దాంతో వచ్చే నాదం దుప్పటి ముసుగేసుకొని పాడినట్టుంటుంది. అసలు స్వరంతో పాటు సన్నగా మోగే పైస్థాయి అనుస్వరాలు మునిగిపోతాయి. అవి లేకపోతే స్వరం శ్రుతిలో ఉందో, ఒక పిసరు అటో ఇటో ఉందో చెవి తేల్చుకోలేదు. ఉన్న కాస్త శబ్దాన్ని బయటికి లాగాలని కుడిచెయ్యి తనంతట తానే కమానుని నొక్కడం మొదలుపెడుతుంది. రోజూ జరిగేది కాబట్టి మనకి తెలీదు. మొన్నామధ్య పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో అందరితో పాటు కూర్చున్నాను. మ్యూట్ ఇంట్లో ఉంది. పంచరత్నాల్లో మొదటిది, నాట ఎత్తుకోగానే నా తీగ కీచుమంది. గాత్రం వాళ్ళు ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. గౌళ దాకా కమాను తేలిక చేసుకోలేకపోయాను, ఆరభికి కాస్త దారికొచ్చింది. గురువుగారు అప్పుడేమీ అనలేదు. తర్వాత క్లాసులో నా కమాను పట్టుకొని చూసి, "మ్యూట్‌తో సరళీలు, జంటలు, అలంకారాలు, వేళ్ళ వేగానికి ఏం కావాలో అవి చేసుకో. రాగం మాత్రం దాంతో వాయించకు" అన్నారు.

అందుకని ఇప్పుడు పద్ధతి మార్చాను. పొద్దున మ్యూట్‌తో వేళ్ళ సాధన. ఆదివారం పగలు మూలాపేటలో గురువుగారి పెంకుటింటికి పోయి, వరండాలో కూర్చొని మ్యూట్ లేకుండా రాగాలు. ఆ వీధిలో వినేవాళ్ళే గానీ విసుక్కునేవాళ్ళు లేరు. ఇంతకీ నెల్లూరేం సంగీతం తెలియని ఊరు కాదు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు తిప్పరాజువారి వీధిలో తమ ఇంటిని 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. శ్రోతలకి కొదవ లేదు. గోడకి గోడ ఆనించి కట్టుకున్నాక తెల్లవారుజామున ఎవరి తోడి వాళ్ళే వినాలి, అంతే తేడా.

కొనాలా వద్దా అంటే మీ ఇంటిని బట్టి, మీ వయసుని బట్టి చెప్పాలి. సొంత ఇల్లు, చుట్టూ కాస్త జాగా ఉన్నవాళ్ళకి అనవసరం. ఇప్పుడిప్పుడే సరిగమలు నేర్చుకునే పిల్లలకి కొనివ్వకండి, వాళ్ళ చెవికి అసలు నాదం అలవాటు కావాలి, ఇరుగుపొరుగుని ఓ సంవత్సరం బతిమాలుకోండి. చేయి కుదిరిన పెద్దవాళ్ళు, ఉద్యోగం చేసుకుంటూ అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు రబ్బరుది తీసుకోవచ్చు, తోలుముక్క, దారం మాత్రం మొదటిరోజే పెట్టుకోండి. లోహపుది మన పద్ధతికి వద్దే వద్దు.

నాకైతే ప్రస్తుతానికి ఇదే గతి. పక్కమ్మాయి నీట్ ఈ ఏడాదితో అయిపోతుంది, కింద ఆయన జనరల్ షిఫ్టుకి మారతాడని వాళ్ళావిడ అంటోంది. అదే జరిగితే సాయంత్రాలు మ్యూట్ తీసేస్తాను. కానీ పైఫ్లాట్ ఖాళీ అయింది, అద్దెకి ఎవరొస్తారో ఇంకా తేలలేదు.