స్పైడర్-మ్యాన్ మొదటి మూడూ: ఏది ముందు, ఏది మళ్లీ మళ్లీ, ఏది ఫార్వర్డ్‌లో

వేసవి సెలవులకి అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు అమ్మమ్మగారి ఇళ్లకి పిల్లలు దిగారంటే ఎండ తగ్గేదాకా టీవీయే దిక్కు. కొత్త స్పైడర్-మ్యాన్‌లతో పెరిగిన ఆ పిల్లలకి శామ్ రైమీ తీసిన పాత మూడూ (2002, 2004, 2007) చూపిద్దామనుకునేవాళ్ల కోసం ఈ పోలిక. తీర్పు ముందే చెప్పేస్తాం. రెండోది గొప్ప సినిమా, ఒకటోది చూడకుండా రెండోదానికి వెళ్లకూడదు, మూడోదాంట్లో కొన్ని నిమిషాలు మాత్రం మిగతా రెండిటికీ ఏమాత్రం తీసిపోవు.

హీరోకి కష్టం ఎక్కణ్నుంచి వస్తోందో గమనిస్తే ఈ మూడింటికీ ఉన్న తేడా తేలిపోతుంది. ఒకటో భాగంలో పీటర్ (స్పైడర్-మ్యాన్ అసలు పేరు) కుస్తీకి వెళ్లేది డబ్బు కోసం. బరిలో మూడు నిమిషాలు నిలిస్తే 3,000 డాలర్లని ప్రకటన. తీరా గెలిచాక, రెండు నిమిషాల్లోనే ముగించేశావుగా అని నిర్వాహకుడు 100 డాలర్లు చేతిలో పెడతాడు. ఆ కోపంతోనే, అదే నిర్వాహకుడి డబ్బు ఎత్తుకుని పారిపోతున్న దొంగకి పీటర్ దారి వదిలేస్తాడు. కాసేపటికి పీటర్‌ని పెంచిన అంకుల్ బెన్ తుపాకి గుండు తగిలి రోడ్డు మీద పడి ఉంటాడు, కాల్చింది ఆ దొంగేనని తేలుతుంది. మాస్కు, సూటు, ఎగరడం అన్నీ ఆ ఒక్క తప్పులోంచే పుట్టుకొస్తాయి. 121 నిమిషాల సినిమాలో సగానికి దగ్గరగా ఈ పునాదికే ఖర్చుపెట్టారు. ఇప్పటి వేగానికి అలవాటుపడ్డ పిల్లలు మధ్యలో లేచిపోవచ్చు, కానీ ఆ భాగాన్ని దాటించొద్దు.

దీని బలహీనత విలన్ గ్రీన్ గాబ్లిన్ మాస్కు. విలెమ్ డఫో లాంటి ముఖాన్ని కదలని ఆకుపచ్చ డిప్పలో పెట్టి మూసేశారు. మేడ మీద ఇద్దరు మాస్కులవాళ్లు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే సీన్ చూడండి, ఎవరి ముఖంలోనూ ఏమీ కదలదు. అదే నటుడు అద్దం ముందు నిలబడి, మాస్కు లేకుండా, ఇద్దరు మనుషులుగా మాట్లాడినప్పుడు ఒళ్లు గగుర్పొడుస్తుంది. తెలుగు డబ్బింగ్‌లో చూసేవాళ్లకి మాత్రం మాస్కు సీన్లలో ఒక సుఖం ఉంది. పెదాలు కనపడవు కాబట్టి మాట అతుక్కుపోతుంది. పత్రిక ఎడిటర్ జే. జోనా జేమ్సన్ దగ్గర ఉల్టా. జే.కె. సిమ్మన్స్ హాస్యమంతా ఊపిరాడనివ్వని వేగంలోనే ఉంది, ఆ పెదాల వేగం అందుకోవడం ఏ డబ్బింగ్‌కైనా కష్టమే. పెద్దవాళ్లు ఆయన సీన్లు ఒకసారి ఇంగ్లిష్‌లో విని చూడాలి.

గ్రాఫిక్స్ సంగతి. మొదటిసారి మేడల మీద గెంతే సీన్‌లో ఒంటికి బరువు లేదు, దిగినప్పుడు మోకాళ్లు ఆ దెబ్బ తీసుకోవు, అందుకే రబ్బరు బొమ్మలా కనిపిస్తాడు. క్యాంటీన్‌లో జారిపడబోయిన మేరీ జేన్‌ని (పీటర్ ప్రేమించే అమ్మాయి) పట్టుకుని, గాల్లోకి ఎగిరిన తిండినంతా ట్రేలో అందుకునే షాట్ మాత్రం నిజంగా చేసిందే. ట్రేని చేతికి జిగురుతో అంటించి, కుదిరేదాకా మళ్లీ మళ్లీ తీశారు. పిల్లలతో పందెం కాయండి, అదే గ్రాఫిక్స్ అంటారు.

రెండో భాగం (127 నిమిషాలు) పిజ్జాలతో మొదలవుతుంది. 29 నిమిషాల్లో ఇస్తామన్న ఆర్డరులో చాలాసేపు అప్పటికే గడిచిపోయింది, మిగిలిన ఏడున్నర నిమిషాల్లో 42 వీధులు దాటాలి. దారిలో ఇద్దరు పిల్లల్ని లారీ కింద పడకుండా కాపాడతాడు, ఆలస్యమవుతుంది, డబ్బులు ఇవ్వం పొమ్మంటారు, ఉద్యోగం ఊడుతుంది. ఇంటి అద్దె బాకీ, బెన్ భార్య ఆంట్ మేకి బ్యాంకు అప్పివ్వకపోవడం, మేరీ జేన్ నాటకానికి వేళ మించి వెళితే గుమ్మంలోనే ఆపేయడం, అన్నీ సూటు వేసుకున్నందుకు కట్టే వడ్డీలే. శక్తులు ఎందుకు పోతున్నాయో సినిమా సైన్సు చెప్పదు. డాక్టర్ దగ్గరికి వెళితే ఆయన మందు రాయకుండా మనసు గురించి మాట్లాడతాడు. అప్పటిదాకా ఆ కుర్రాడి బతుకు చూశాం కాబట్టి మనం ప్రశ్న అడగం.

విలన్ కూడా అదే తూకం. డాక్టర్ ఆక్టోపస్‌గా ఆల్ఫ్రెడ్ మొలీనా ముఖం తెరిచే ఉంటుంది, గాబ్లిన్‌తో చేసిన పొరపాటు ఇక్కడ లేదు. ఆయన వీపుకి అతుక్కున్న ఇనుప చేతులు చాలా షాట్లలో మనుషులు వెనకుండి ఆడించిన నిజం బొమ్మలు. అందుకే ఆయన వాటితో మాట్లాడుతుంటే నమ్ముతాం. రైలు పోరాటాన్ని షికాగోలో వంతెన మీద నడిచే రైలు మార్గం దగ్గర తీశారు, కథ జరిగే న్యూయార్క్ నడిబొడ్డున అలాంటి లైను లేదు. 2005లో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ దీనికే వచ్చింది.

ఒక హెచ్చరిక. మొదటి అరగంట దాటాక ఆసుపత్రి ఆపరేషన్ గదిలో ఇనుప చేతులు లేచి డాక్టర్లని చంపే సీన్ ఉంది. సంగీతం తీసేసి అరుపులు, నేల మీద గోళ్లు గీరే చప్పుడు మాత్రమే ఉంచాడు రైమీ. ఆయన హారర్ సినిమాల మనిషి మరి. ఏడెనిమిదేళ్ల లోపు వాళ్లుంటే దాటించేయండి.

మూడో భాగం 139 నిమిషాలు. భీమవరం బరిలో ఒకేసారి మూడు జతల పుంజుల్ని వదిలితే ఏ పందెమూ తెగదు. ఇక్కడా శాండ్‌మ్యాన్, వెనమ్, హ్యారీ (పీటర్ స్నేహితుడు, గాబ్లిన్ కొడుకు) ముగ్గురినీ వదిలారు. వెనమ్ పెట్టాలని నిర్మాత ఆవి అరాద్ పట్టుబట్టాడు, రైమీకి ఆ పాత్ర మీద మనసు లేదు. అది తెర మీద తెలిసిపోతుంది. వెనమ్‌ని పుట్టించే, ఆకాశం నుంచి పడ్డ నల్ల జిగురు సరిగ్గా పీటర్ పక్కనే పడుతుంది. హ్యారీకి సరిగ్గా అవసరమైనప్పుడే జ్ఞాపకశక్తి పోతుంది, అవసరమైనప్పుడే తిరిగొస్తుంది. తండ్రి చావు గురించి నౌకరు ఇన్నేళ్లూ నోరు మూసుకుని క్లైమాక్స్ ముందు చెబుతాడు. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ, బెన్‌ని కాల్చింది ఆ దొంగ కాదు, ఫ్లింట్ మార్కో (శాండ్‌మ్యాన్ అసలు పేరు) అనడం. ఒకటో భాగం మొత్తం నిలబడ్డ స్తంభం కిందే తవ్వారు. చివర్లో మార్కో మాటలతో కొంత సర్దారు గానీ పగులు కనిపిస్తూనే ఉంటుంది.

అయినా శాండ్‌మ్యాన్ పుట్టే సీన్ మాత్రం వదలొద్దు. ఇసుక కుప్ప లేచి మనిషి కావాలని ప్రయత్నించి, రాలిపోయి, కూతురి లాకెట్ కోసం మళ్లీ లేస్తుంది. మాటల్లేవు, క్రిస్టఫర్ యంగ్ సంగీతం ఒక్కటే. జుట్టు నుదుటి మీదకి దువ్వుకుని పీటర్ వీధిలో డాన్సు చేసే భాగాన్ని ఫార్వర్డ్ చేసినా కథ తెగదు. పిల్లలు మాత్రం అదే మళ్లీ వేయమంటారు.

ఇక టీవీ సెట్టింగులు. ఒకటోదాంట్లో వెడల్పు ఎత్తుకి 1.85 రెట్లు, తెర దాదాపు నిండుతుంది. రెండు, మూడు 2.39లో ఉంటాయి, పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. పట్టీలు చిరాకని జూమ్ చేస్తే వెడల్పులో నాలుగో వంతు పోతుంది, ఆక్టోపస్ చేతులు ఆ అంచుల్లోనే ఉంటాయి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టీవీ మధ్యలో దొంగ ఫ్రేములు చేరిస్తే పాత గ్రాఫిక్స్ సీరియల్‌లా తేలిపోతుంది. పిక్చర్ మెనూలో మోషన్‌ఫ్లో, ట్రూమోషన్, ఆటో మోషన్ ప్లస్ అని కంపెనీకో పేరుంటుంది, ఆఫ్ చేయండి. మాటలు చిన్నగా, ఫైట్లు పెద్దగా వినిపిస్తే సౌండ్‌ని స్టీరియోకి మార్చి చూడండి. అద్దెకి తీసుకునే ముందు ఆడియో జాబితాలో తెలుగు ఉందో లేదో చూసుకోండి. రెండో భాగానికి 2.1 అని ఎనిమిది నిమిషాలు ఎక్కువున్న కూర్పు కూడా ఉంది. మొదటిసారి చూసేవాళ్లకి మామూలుదే వేయండి.