నాలుక గడ్డకు సరైన పేరు చెప్పిన నోటి పాథాలజీ విభాగం

నా నాలుక కుడి అంచున శనగగింజంత గట్టి గడ్డ లేచింది. నొప్పి లేదు, పుండూ లేదు. మొదట చూపించుకున్న చోట పైపైన చిన్న ముక్క తీసి పరీక్షకు పంపగా, స్క్వామస్ సెల్ క్యాన్సర్ (పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్) కావచ్చని నివేదిక వచ్చింది. దానిని పట్టుకుని ఒక దంత వైద్య కళాశాలలోని నోటి పాథాలజీ విభాగానికి, అంటే నోట్లోంచి తీసిన ముక్కలను మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో తేల్చే చోటికి, వెళ్లాను. ఈ సమీక్ష ఆ విభాగం గురించే.

అక్కడి పాథాలజిస్టు నివేదికను పక్కన పెట్టి, పాత స్లైడ్లనూ, ముక్కను నిల్వ ఉంచిన మైనపు బ్లాకులనూ తెప్పించుకున్నారు. అవి చూశాక, ముక్కలో పైపొర తప్ప ఏమీ లేదనీ, దాని కింద ఏముందో చూడకుండా క్యాన్సర్ అనలేమనీ నా ఎదుటే సర్జన్‌కు ఫోన్ చేసి చెప్పారు. ఈసారి మత్తు సూది వేసి గడ్డను కండరంతో సహా తీశారు. ముక్క పూర్తిగా మునిగేలా ముక్క చెడిపోకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్ ద్రవం పోసిన సీసాలో వేసి, మూత మీద కాకుండా సీసా మీదే పేరు, తేదీ, నాలుకలో ఏ వైపు అనేది రాసి, నా చేత చదివించారు. మూత మారిపోయినా ముక్క ఎవరిదో తెలియాలన్న ఆ జాగ్రత్త నాకెంతో నచ్చింది.

తేలింది గ్రాన్యులర్ సెల్ ట్యూమర్. నరాలను చుట్టి ఉండే ష్వాన్ కణాల నుంచి పుట్టే ఈ అరుదైన గడ్డను 1926లో రష్యన్ పాథాలజిస్టు అబ్రికొసాఫ్ వర్ణించారు. నోట్లో ఇది ఎక్కువగా నాలుక మీదే వస్తుంది, దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. అయితే దాని మీది పొర ఒక్కోసారి వేళ్లు దించినట్టు లోపలికి పెరిగి, లోతు లేని ముక్కలో అచ్చం క్యాన్సర్‌లా కనిపిస్తుంది. ఇద్దరు ఒకేసారి చూడగల మైక్రోస్కోపులో విభాగం పాథాలజిస్టు నాకు స్లైడు చూపించారు: లేత గులాబీ రంగులో, లోపల సన్నటి రవ్వ నింపినట్టున్న పెద్ద కణాలు. ష్వాన్ కణాల్లో ఉండే ఎస్-100 అనే ప్రొటీన్‌ను రంగుతో పట్టి చూపే పరీక్షలో అవే కణాలు ముదురు గోధుమ రంగుకు తిరగడంతో నిర్ధారణ ఖాయమైంది.

లోపాలూ ఉన్నాయి. ఎస్-100 ఫలితం ఆలస్యమవుతుందని ఎవరూ కబురు చేయలేదు. క్యాన్సర్ భయంతో ఎదురుచూస్తున్న మనిషికి ఆ మౌనం భరించరానిది. నివేదికలోని పదాలు రోగికి అర్థం కావు, నోటితో చెప్పిన వివరణలో సగమైనా కాగితం మీద ఉండాల్సింది. గడ్డ అంచుల్లో కణాలు మిగలలేదన్న మాట మాత్రం స్పష్టంగా రాశారు. కొంత మిగిలిపోతే మళ్లీ పెరగవచ్చు కనుక, తర్వాత నన్ను పరీక్షించే డాక్టరు మొదట చూసేది ఆ వాక్యమే.