జబ్బు పడిన పెంపుడు కుక్క, చేతిలో డబ్బుల్లేని ఇల్లు: తీసుకొచ్చేయాలా, అక్కడే ఉంచి చూడాలా, ఏది మేలు?

హైదరాబాద్‌లో జంతువుల్ని కాపాడే రెస్క్యూ గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి ఈ గొడవ కొత్త కాదు. ఎవరో ఒక వీడియో పెడతారు, ఎముకలు తేలిన కుక్క, ఒళ్ళంతా గజ్జి, మెడలో తాడు, వెనకాల రేకుల ఇల్లు, ఇంక కింద కామెంట్లే కామెంట్లు, "పెంచలేనప్పుడు ఎందుకు తెచ్చుకున్నారు, వెంటనే తీసుకొచ్చేయండి" అని. తీసుకొచ్చేస్తే ఎక్కడ పెడతారు, ఎవరు చూస్తారు, ఆ ఇంట్లో వాళ్ళకి ఏం చెప్తారు అని అడిగేవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా ఉండరు. నిజానికి మన ముందు మూడు దారులు ఉన్నాయి. కుక్కని ఆ ఇంట్లోనే ఉంచి వైద్యం అందేలా చూడడం ఒకటి, కొన్నాళ్ళు తీసుకెళ్ళి నయం చేయించి మళ్ళీ వాళ్ళకే ఇవ్వడం ఒకటి, ఇక పూర్తిగా తీసేసుకుని వేరే ఇంటికి అడాప్షన్‌కి ఇవ్వడం ఒకటి. నా మట్టుకు నేను ఎక్కువ కేసుల్లో మొదటి రెండిట్లో ఏదో ఒకటే మేలంటాను. మూడోది వాడాల్సిన కేసులు తక్కువే, కానీ అవి వచ్చినప్పుడు మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ముందు పేదరికాన్నీ క్రూరత్వాన్నీ ఒక గాటన కట్టడం మానాలి. కూలి పనికెళ్ళే ఇంట్లో పప్పీకి పార్వో (పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) వచ్చిందనుకోండి, వాంతులు, రక్తం కలిసిన విరేచనాలు, వాళ్ళు పెరుగన్నం పెట్టి చూస్తారు, తినకపోతే మెడికల్ షాపుకెళ్ళి ఓఆర్ఎస్ తెచ్చి తాగిస్తారు, అది కూడా కక్కేస్తుంది. పార్వోకి కావాల్సింది సెలైన్, వాంతులు ఆగడానికి ఇంజెక్షన్లు, అదీ రోజూ, ఐదారు రోజుల పాటు. క్లినిక్ బిల్లు ఒక ఎత్తైతే అన్ని రోజులు పనికెళ్ళకుండా కుక్కతో కూర్చుంటే కూలి పోతుంది, అది ఎవరూ లెక్కేయరు. ఇంకోపక్క మూడంతస్తుల ఇంట్లో ఎండాకాలం బాల్కనీలో గొలుసుకి కట్టేసిన హస్కీ ఉంటుంది, చెవుల నిండా పిడుదులు, దాని వీడియో ఎవరూ తియ్యరు, ఎందుకంటే అక్కడ గేటు ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు. తాళం లేని ఇళ్ళ మీదే మన కోపమంతా పోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి, చాలామంది వాలంటీర్లు తమకి ఏదో అధికారం ఉందనుకుంటారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో సెక్షన్ 3 ప్రకారం జంతువుని పెంచేవాళ్ళు దాని బాగోగులు చూడాలి, సెక్షన్ 11 ప్రకారం తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం, అదే పనిగా గొలుసుకి కట్టేయడం, దిక్కులేకుండా వదిలేయడం నేరాలు. కానీ జంతువుని సీజ్ చేసే అధికారం సెక్షన్ 34 కింద కానిస్టేబుల్ పైస్థాయి పోలీసులకి, లేదా రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అధికారం ఇచ్చినవాళ్ళకి మాత్రమే ఉంటుంది. గోడ దూకి తెచ్చుకుంటే మన మీదే దొంగతనం కేసు పెట్టచ్చు. మొదటిసారి తప్పుకి జరిమానా ఇప్పటికీ పది రూపాయల నుంచి యాభై రూపాయలే, ఓనరుకి శిక్ష పడ్డాకే కోర్టు సెక్షన్ 29 కింద జంతువుని శాశ్వతంగా తీసేయగలదు. ఇంగ్లండ్‌లో 2006 చట్టంలో మధ్యేమార్గం ఒకటి పెట్టారు, ఇన్‌స్పెక్టర్ వచ్చి ఏమేం సరిచెయ్యాలో, ఎన్నాళ్ళలో చెయ్యాలో నోటీసు ఇస్తాడు, ఆ గడువు దాకా ఆ విషయంలో కేసు పెట్టరు. మన చట్టంలో అలాంటిది లేదు, అందుకే మన దగ్గర అయితే ఏమీ చెయ్యకపోవడం, లేకపోతే లాక్కోవడం, ఈ రెండే కనిపిస్తాయి. ఆ మధ్యలో ఉండాల్సిన పని రెస్క్యూ వాళ్ళే మాటలతో చెయ్యాలి.

ఇంట్లోనే ఉంచి చూడదగ్గ జబ్బులు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. గజ్జి, నులిపురుగులు, అప్పుడే మొదలైన పుండు, టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం), ఇవన్నీ చూడడానికి భయంకరంగా ఉంటాయి కానీ డాక్టర్ ఒకసారి చూసి మందు రాస్తే ఎక్కువ కేసులు ఇంట్లోనే తగ్గుతాయి. టిక్ ఫీవర్‌కి మామూలుగా వాడే డాక్సీసైక్లిన్ ఖరీదైన మందేం కాదు, కాకపోతే దాదాపు నాలుగు వారాలు ఆపకుండా వెయ్యాలి, కుక్క నాలుగో రోజుకే లేచి తిరుగుతుంది కాబట్టి తగ్గిపోయిందని మానేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. అలాంటి ఇంటికి కావాల్సింది కుక్కని తీసుకెళ్ళే మనిషి కంటే వారానికి సరిపడా మాత్రలు ఇచ్చి, రాత్రి ఎనిమిదింటికి "అక్కా, మాత్ర వేశారా?" అని ఒక వాయిస్ మెసేజ్ పెట్టే మనిషి. పుండులో పురుగులు కనపడగానే కిరసనాయిలు పోస్తారు, పిల్లికి ఒళ్ళు వేడిగా ఉంటే సగం పారాసెటమాల్ వేస్తారు, ఆ సగం మాత్ర చాలు పిల్లి ప్రాణం తియ్యడానికి. ఇది వాళ్ళకి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు, ప్రేమతోనే వేస్తారు. తిట్టకుండా చెప్తే వింటారు.

డబ్బు కంటే ఆటో పెద్ద సమస్య అని బయటి వాళ్ళకి తెలీదు. నారాయణగూడలో సర్కారు వెటర్నరీ ఆసుపత్రి ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. కానీ ఘట్‌కేసర్ వైపు నుంచి ముప్పై కిలోల లాబ్రడార్ కుక్కని, అదీ వాంతులు చేసుకుంటున్నదాన్ని, ఎక్కించుకునే ఆటో ఏది? రానుపోను ఆటోకే ఒక రోజు కూలి అయిపోతుంది. కారున్న వాలంటీరు ఒక్కరు పొద్దున రెండు గంటలు ఇస్తే చాలాసార్లు ఆ కుక్కని ఇల్లు మార్చాల్సిన అవసరమే రాదు.

ఇంకో సంగతి, షెల్టర్ అంటే ఆసుపత్రి అనుకుంటారు. ఎంత మంచి షెల్టర్ అయినా అక్కడ వందల జంతువులు ఉంటాయి, పార్వో, డిస్టెంపర్ (ఇదీ ఒక వైరస్ జబ్బే), దగ్గు జబ్బులు ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటాయి, టీకాలు లేని ఇంటి కుక్కని ఒంట్లో సత్తువ లేనప్పుడు తీసుకెళ్ళి అక్కడ పెడితే ఉన్న జబ్బుకి ఇంకోటి తోడవుతుంది. పైగా ఇంటి కుక్క కొత్త చోట తిండి మానేస్తుంది. తెలిసిన చెయ్యి పెడితేనే తింటుంది, జబ్బులో ఉన్న జంతువుకి తినడమే సగం వైద్యం.

రెండో దారి, అంటే తీసుకెళ్ళి తిరిగి ఇవ్వడం, ఎప్పుడంటే ఇంట్లో చెయ్యలేని వైద్యం కావాల్సి వచ్చినప్పుడు. పార్వో, గర్భసంచిలో చీము పట్టిన ఆడకుక్క (పయోమెట్రా, దీనికి చాలాసార్లు ఆపరేషనే గతి), లోపలిదాకా పురుగులు పట్టిన పుండు, మూత్రం బిగుసుకుపోయిన మగ పిల్లి. ఈ చివరిది ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది, మూత్రానికి పెట్టిన లిట్టర్ ట్రే దగ్గర మాటిమాటికీ కూర్చుని అరుస్తుంటే మలబద్ధకం అనుకుని ఆగకండి. ఇలాంటప్పుడు ఇంటివాళ్ళతో మాట్లాడే మొదటి మాటే అన్నీ తేల్చేస్తుంది. "ఇలా ఉంచుతారా, మేం తీసుకెళ్ళిపోతున్నాం" అంటే తలుపు మూసేస్తారు. "పెద్దమ్మా, దీన్ని పది పన్నెండు రోజులు మా దగ్గర ఉంచి ఆపరేషన్ చేయించి మళ్ళీ మీకే తెచ్చిస్తాం, కాయితం మీద రాసిస్తాం, మీరు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు" అంటే బుట్టలో పాత చీర పరిచి మరీ ఇస్తారు.

ఆ కాయితం ఊరికే కాదు. జంతువు ఎవరిది, ఏ జబ్బు, ఎక్కడ ఉంచుతున్నాం, సుమారు ఎప్పుడు ఇస్తాం, ప్రాణం మీదకి వస్తే నిర్ణయం ఎవరిది, ఫోన్ ఎత్తకపోతే ఎన్నాళ్ళు చూస్తాం, ఇవన్నీ తెలుగులో రాసి, చదవడం రాకపోతే చదివి వినిపించి, రెండు వైపులా సంతకాలు పెట్టుకోవాలి. రోజూ ఒక ఫోటో పంపాలి. నయమయ్యాక "ఖర్చంతా కట్టి తీసుకెళ్ళండి" అనే పద్ధతి నాకు అస్సలు నచ్చదు, అది కుక్కని తాకట్టు పెట్టుకున్నట్టే. ఇవ్వగలిగినంత ఇవ్వమని అడగండి, తప్పులేదు, చాలామంది ఎంతో కొంత ఇస్తారు కూడా. తిరిగి ఇచ్చేటప్పుడు టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యే ఇవ్వాలి, పార్వో అయితే ఆ ఇంటి నేల బ్లీచింగ్‌తో కడగాలి, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది కాబట్టి టీకాలు పూర్తికాని ఇంకో పప్పీని ఆ వాకిట్లోకి తేవద్దని గట్టిగా చెప్పాలి.

తిరిగి ఇవ్వడం మీద నేనింత పట్టుబట్టేది ఓనరు మీద జాలితో మాత్రమే అనుకోకండి. ఒక బస్తీలో ఒక ఇంటి నుంచి కుక్కని పట్టుకెళ్ళి ఇవ్వకపోతే ఆ మాట సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది, ఆ తర్వాత జబ్బు చేసిన ఏ జంతువు గురించీ అక్కడి నుంచి ఫోన్ రాదు. దాచేస్తారు, లేదంటే రాత్రి తీసుకెళ్ళి ఏ ఫ్లైఓవర్ కిందో వదిలేస్తారు. తీసుకొచ్చిన ఒక్క కుక్కే మనకి కనపడుతుంది, ఫోన్ రాక చచ్చిపోయినవి కనపడవు. 1917లో లండన్ వైట్‌చాపెల్‌లో మరియా డికిన్ అనే ఆవిడ పేదల జంతువుల కోసం ఉచిత వైద్యశాల మొదలుపెట్టింది, నేలమాళిగలో, ఆ సంస్థే ఈరోజు బ్రిటన్‌లో పేదల జంతువులకి వైద్యం చేసే పీడీఎస్‌ఏ. ఆవిడ పేదవాళ్ళ జంతువుల్ని లాక్కోలేదు, వాళ్ళంతట వాళ్ళే మోసుకొచ్చేలా తలుపు తెరిచింది. మన ఊళ్ళకి కావాల్సింది అదే.

ఇక పూర్తిగా తీసేసుకోవాల్సినవి. కొట్టడం, కాల్చడం లాంటివి ఉంటే మాట్లాడేదేం లేదు. ఇంట్లో అందరూ తింటూ దాన్ని మాడ్చేస్తుంటే, వైద్యం ఉచితం, బండి కూడా పంపుతాం అన్నా వద్దంటూ కుక్కని కూడా ఇవ్వం అంటే, ఒకసారి నయం చేసి ఇచ్చాక మళ్ళీ అదే స్థితిలో కనపడితే, పిల్లల్ని అమ్ముకోవడం కోసం జబ్బు ఆడకుక్కని ఈనిస్తూనే ఉంటే, ఇల్లు తాళం వేసి వెళ్ళిపోతే, అప్పుడు ఆగొద్దు. వీడియో, డాక్టర్ రాసిచ్చిన సర్టిఫికెట్, పోలీస్ స్టేషన్‌లో లిఖితపూర్వకంగా ఫిర్యాదు, ఇవన్నీ ఉండాలి, పోలీసుల్ని వెంటబెట్టుకునే వెళ్ళాలి. చాలాసార్లు ఎస్సై గడపలో నిలబడితే ఓనరే సరెండర్ కాయితం (జంతువుని వదులుకుంటున్నానని రాసిచ్చేది) మీద సంతకం పెట్టేస్తాడు, కోర్టు దాకా వెళ్ళదు.

ఇంటినిండా ఇరవై ముప్పై పిల్లులు పెట్టుకున్న ఒంటరి ముసలావిడ కేసు ఈ మూడిట్లో దేనిలోనూ ఇమడదు. అన్నీ ఒక్కసారి తీసేస్తే ఆవిడ మంచం పడుతుంది, లేదా ఆరు నెలల్లో మళ్ళీ ఇల్లు నిండుతుంది. జబ్బువి ముందు తీసి, మిగతావాటికి ఆపరేషన్లు చేయించి, ఆవిడ చూసుకోగల రెండు మూడు ఆవిడ దగ్గరే ఉంచడం మేలు. అలాగే కిడ్నీలు పోయిన పధ్నాలుగేళ్ళ కుక్క. దాన్ని కొత్త బోనులోకి తెచ్చి ఎవరికి మేలు? నొప్పి తగ్గే మందులిచ్చి, భరించలేని దశకి వస్తే డాక్టర్నే ఇంటికి పంపి ఆ ఇంటివాళ్ళ మధ్యే ఇంజెక్షన్‌తో నొప్పి లేకుండా సాగనంపాలి.

"తీసేసుకోండమ్మా, మావల్ల కాదు" అని ఓనరే అన్నప్పుడు కూడా వెంటనే ఫారం ముందు పెట్టకండి. "వైద్యం ఖర్చు లేకపోతే ఉంచుకుంటారా?" అని ఒక్కసారి అడగండి. ఏడ్చేసి అవునన్నారంటే అది మొదటి రెండు దారుల కేసు. చూపు పక్కకి తిప్పుకుని "లేదు, తీసుకెళ్ళండి" అంటే నిందలు వెయ్యకుండా తీసుకోవాలి, తిడితే తర్వాతిసారి వాళ్ళు మనల్ని పిలవరు. నయమయ్యాక ఇంటివాళ్ళు రాకపోతే ఏం చెయ్యాలంటారా, గడువు కాయితంలో ఉంది కాబట్టి గడువు దాటాక ఇంటికి మనిషిని పంపి అడిగి, అప్పటికీ రామంటే అడాప్షన్‌కి ఇచ్చేయచ్చు. కానీ ఫోన్ ఎత్తట్లేదని మాత్రం ఇచ్చేయకండి, అక్కడ చాలా ఫోన్లలో రీఛార్జ్ ఉండదు.