ఏజెంట్‌కి టూల్ వివరణ: ఓపెన్‌ఏపీఐ నుంచి జనరేట్ చేయాలా, చేత్తో రాయాలా?

పలాస జీడిపప్పు వ్యాపారి స్టాకు ఏపీఐని (వేరే ప్రోగ్రాములు ఆ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే దారి) ఏఐ ఏజెంట్‌కి టూల్‌గా ఇస్తున్నామనుకోండి. ఆ టూల్ ఏం చేస్తుందో, ఏ విలువలు పంపాలో ఏజెంట్‌కి చెప్పేదే టూల్ వివరణ. దాన్ని ఓపెన్‌ఏపీఐ ఫైలు (ఏపీఐ గురించి ప్రామాణిక పద్ధతిలో రాసిన ఫైలు) నుంచి ఆటోమేటిగ్గా జనరేట్ చేయొచ్చు, లేదా చేత్తో రాయొచ్చు.

ఖర్చు: జనరేట్ చేస్తే నిమిషాల పని. చేత్తో అయితే టూల్‌కి అరగంటైనా పడుతుంది.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. జనరేట్ అయిన దాంట్లో చాలాసార్లు "క్వాంటిటీ: నంబర్" అని మాత్రమే ఉంటుంది, కిలోలో డబ్బాలో తెలీక మోడల్ ఊహించేస్తుంది. చేత్తో రాస్తే "కిలోల్లో, గ్రేడ్ డబ్ల్యూ180, డబ్ల్యూ240, డబ్ల్యూ320లో ఒకటి" అని కట్టడి చేయొచ్చు. తప్పు గ్రేడ్ వస్తే వట్టి 400 (రిక్వెస్టు తప్పు అని మాత్రమే చెప్పే ఎర్రర్ కోడ్) కాకుండా సరైన గ్రేడ్లు చెప్పే ఎర్రర్ పంపితే, ఏజెంట్ చాలావరకు తనే సరిచేసుకుంటుంది.

నిర్వహణ: ఏపీఐ మారితే చేత్తో రాసిన వివరణ పాతబడుతుంది.

పరీక్ష: రెండింటికీ ఒకటే. వ్యాపారి నిజంగా అడిగే 20 ప్రశ్నలు, ఒక్కోటి మూడేసి సార్లు. ఏజెంట్ ఏ టూల్‌ని పిలిచిందో, ఏ విలువలు పంపిందో లాగ్‌లో చూడాలి.

స్టాకు చూడటానికే అయితే, ఏపీఐ తరచూ మారుతుంటే జనరేట్ చేయండి. ఆర్డరు పెట్టే, బిల్లు వేసే టూల్స్ మాత్రం చేత్తోనే రాయండి.