సీరియం ఆక్సైడ్ పొడితో అద్దం గీతలు పోతాయా? చాలాకాలం వాడాక నా మాట

సీరియం ఆక్సైడ్ అంటే గాజును పాలిష్ చేసే పొడి. ముందే చెప్పేస్తాను. గోరు తగలని గీతలైతే పోతాయి, గోరు ఆగే గీతలైతే పోవు. అద్దం కడిగి, ఆరాక, గోటిని గీతకు అడ్డంగా మెల్లగా లాగి చూడండి. టక్కుమని ఆగిందంటే ఈ పొడి కొనకండి, డబ్బు దండగ.

మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ, సముద్రం వైపు బాల్కనీ. 2014లో హుద్‌హుద్ తుఫానుకి పాతవి పగిలిపోయాక వేయించిన అద్దాలివి. ఉప్పుగాలికి గ్రిల్లు తుప్పు పడితే అందరూ చూస్తారు కానీ అద్దం సంగతి ఎవరికీ పట్టదు. అద్దం మీద పేరుకున్న ఉప్పు గాలిలోని తేమను లాగి పట్టుకుంటుంది. ఆ తడి ఎక్కువకాలం నిలిస్తే గాజులోని సోడియం నీటిలోకి దిగుతుంది, నీరు క్షారంగా మారి గాజునే కొద్దికొద్దిగా తినేస్తుంది. ఎంత తుడిచినా పోని మసక అదే. ఇక గీతలంటారా, బీచ్ ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గాజు కంటే గట్టిది. దుమ్ము కడగకుండా పాత పేపరుతో పొడిగా రుద్దితే గీతలు పడక ఏమవుతాయి?

పొడి జోలికి పోయేముందు ఒక పని చేయాలి. మసకగా కనిపించేదంతా గాజు పాడవడం కాదు, చాలావరకు బోరు నీళ్ల తెల్ల మరకే. మా బాత్రూమ్ గ్లాస్ పార్టిషన్ మీద వెనిగర్‌లో తడిపిన గుడ్డ కాసేపు అంటించి ఉంచితే సగం మసక దిగిపోయింది. వెనిగర్ లేకపోతే నిమ్మఉప్పు నీళ్లు చాలు. అప్పటికీ మిగిలితేనే పాలిష్. టూత్‌పేస్టుతో గీతలు మాయం అంటూ వీడియోలు తిరుగుతుంటాయి కదా, అద్దం తళతళలాడింది, గీత మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

యాసిడ్ మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఒక అద్దాల షాపాయన ‘ఇది కొట్టు గురూ, ఒక్క దెబ్బకి పోద్ది’ అని పేరు లేని సీసా చూపించాడు. గాజును తినే యాసిడ్ హైడ్రోఫ్లోరిక్. చర్మంలోంచి లోపలికి దిగుతుంది, పలచగా ఉంటే మంట కూడా వెంటనే తెలియదు. ‘వద్దులే అన్నా’ అని వచ్చేశాను. లేబుల్ లేని సీసా ఎవరిచ్చినా తీసుకోవద్దు.

ఇక అసలు పని. కావలసినవి పొడి, ఫెల్ట్ ప్యాడ్ (డ్రిల్‌కి బిగించే దళసరి ఉన్ని బిళ్ల), స్పీడ్ తగ్గించుకునే వీలున్న డ్రిల్. నీళ్లతో పని కాబట్టి బ్యాటరీ డ్రిల్ మేలు. పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నీళ్లు కలిపి ఇడ్లీ పిండి కంటే కాస్త జారుగా చేసుకోవాలి. గీత ఎక్కడుందో గుర్తు కోసం అద్దానికి అవతలివైపు మార్కర్‌తో చుట్టాలి, ఇవతల పెడితే మొదటి నిమిషంలోనే చెరిగిపోతుంది. అల్యూమినియం ఫ్రేముకి, రబ్బరు బీడింగుకి టేపు వేయాల్సిందే. ఆ సందుల్లో ఎండిన పొడి గీకడం పాలిష్ కంటే పెద్ద పని. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

డ్రిల్ నిమిషానికి 1000 నుంచి 1500 చుట్ల మధ్య ఉంచుతాను, అంతకు మించను. గట్టిగా నొక్కకూడదు, ఒకేచోట నిలపకూడదు. గీత మీదే తిప్పుతూ కూర్చుంటే అక్కడ చిన్న గుంట పడి, అవతల కొబ్బరిచెట్టు వంకరగా కనబడుతుంది. అందుకే గీతకు చుట్టూ అరచేయంత మేర తిప్పుతూ పోవాలి. పిండి ఆరుతున్నట్టు కనిపిస్తే స్ప్రేతో నీళ్లు చల్లాలి. అద్దం మీద చెయ్యి ఆనించి చూడండి, వెచ్చగా ఉంటే పర్లేదు, చుర్రుమంటే ఆపేయండి. వేడెక్కితే మామూలు అద్దం పగిలే ప్రమాదముంది.

ఫలితం? బాల్కనీ అద్దం మీది సన్న గీతలు పూర్తిగా పోయాయి, రాత్రి టార్చి పక్కవాటుగా వేసి వెతికినా దొరకలేదు. పార్టిషన్ మీది మసక ముప్పాతిక వంతు తగ్గింది, మిగతాది లోతుగా తినేసినట్టుంది. డైనింగ్ టేబుల్ గాజు మీద గోరు ఆగే గీత ఒకటుంది, దాని అంచులు మెత్తబడ్డాయి తప్ప గీత అలాగే ఉంది. దాని మీద ఇప్పుడు టేబుల్ మ్యాట్ వేశాం. ఓపిక విషయంలో మాత్రం మోసపోకండి. అరచేయంత చోటుకే భుజాలు పట్టేస్తాయి. రెండు మూడు కిటికీలు పూర్తిగా పాడైతే కొత్త అద్దాలు వేయించడమే నయం.

కొన్నిటికి అసలు వాడొద్దు. రిఫ్లెక్టివ్ కోటింగ్ ఉన్న కిటికీ అద్దాల మీద కోటింగ్ వైపు తాకితే అంతే సంగతులు. ఫోన్ స్క్రీన్ మీద వేలిముద్రలు ఆపే పూత పోతుంది. కారు ముందద్దం మీద వైపర్ గీతలు చూసి నాకూ చెయ్యి దురద పెట్టింది కానీ ముట్టుకోలేదు. డ్రైవర్ కళ్లెదురుగా కొంచెం వంకర వచ్చినా రాత్రిపూట ఎదుటి హెడ్‌లైట్లు చెదిరి కనిపిస్తాయి.

పార్టిషన్‌కి ఇప్పుడు స్నానం అయ్యాక వైపర్ లాగడం, బాల్కనీ అద్దాలకు ముందు మగ్గుతో నీళ్లు కొట్టి తర్వాతే గుడ్డ పెట్టడం ఇంట్లో అందరికీ అలవాటైంది. కొన్న పొడిలో సగం అలాగే ఉంది. పైఫ్లాట్ బాబాయ్‌గారు అడిగితే పొడి, ప్యాడ్ ఇచ్చాను, డ్రిల్ మాత్రం ఆయన్నే కొనుక్కోమన్నాను.