షబ్బాత్ ప్లాటా, టైమరు, నీళ్ళ మెహం: రెండిళ్ళలో పదేళ్ళు వాడాక

ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్ళను చూసుకునే పనికి వచ్చినవాళ్ళలో మన గోదావరి జిల్లాల వాళ్ళూ, నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్ళూ చాలామందే ఉన్నాం. వచ్చేముందు నాకు మంచం మీద మనిషిని ఎలా తిప్పాలో, బీపీ ఎలా చూడాలో నేర్పారు. నాలుగు హీబ్రూ మాటలు చెప్పారు. వంటింట్లో ఉండే ఆ రేకు పలక గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. నిష్ఠగా ఉండే యూదుల ఇంట్లో షబ్బాత్ అనే విశ్రాంతి రోజున, అంటే శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా, తిండీ తిప్పలూ అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. కొత్తగా వచ్చే చెల్లెళ్ళకి పనికొస్తుందని నేను వాడినదంతా రాస్తున్నాను.

దాని పేరు ప్లాటా. వెడల్పాటి రేకు పలక, పొట్టి కాళ్ళు, ఒక వైరు. వేడి పెంచే మీట ఉండదు. ప్లగ్గు పెడితే వేడెక్కుతుంది, తీస్తే చల్లారుతుంది. మీట లేకపోవడమే దాని అసలు గుణం. షబ్బాత్ నాడు నిప్పు రాజేయకూడదు, ఆర్పకూడదు, వండకూడదు. మొత్తం 39 రకాల పనులు నిషేధం. ముందే వండినదాన్ని వేడిగా ఉంచుకోవచ్చు కానీ ఎవరూ మరిచిపోయి మంట ఎగదోయకుండా జాగ్రత్త పడాలి. బొగ్గుల పొయ్యిల రోజుల్లో ఆ బొగ్గుల్ని పక్కకి ఊడ్చేయాలి, లేకపోతే నివురు కప్పేయాలి అని పెద్దలు నియమం పెట్టారట. మా నాయనమ్మ రాత్రిపూట దాలిలో పాలకుండ పెట్టి పైన నివురు కప్పేది. రమత్ గన్ అనే ఊళ్ళో నేను మొదట చూసుకున్న పెద్దావిడ కొడుకు ఈ సంగతి చెప్పినప్పుడు ప్లాటా ఏమిటో నాకు ఒక్కసారిగా అర్థమైంది. మీట లేని ఈ పలక నివురు కప్పిన పొయ్యి లాంటిదే.

సవ్తా అంటే హీబ్రూలో అమ్మమ్మ, నాయనమ్మ. మేమందరం అలాగే పిలుస్తాం. నా మొదటి సవ్తా బాగ్దాద్‌లో పుట్టిన మనిషి. ఆమె దగ్గర ఐదేళ్ళు చేశాను. ఆమె పోయాక బ్నే బ్రాక్ అనే ఊళ్ళో పోలండ్ మూలాల కుటుంబంలో చేరాను, ఇప్పటికీ అక్కడే. రెండిళ్ళలోనూ ప్లాటా ఒకేలాంటిది, నాలుగు గిన్నెలు పట్టేది. వాడే పద్ధతి మాత్రం ఒకటి కాదు. కొత్తవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

బాగ్దాద్ సవ్తా ఇంట్లో, పూర్తిగా ఉడికిన పొడి పదార్థాన్ని శనివారం పొద్దున ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా ప్లాటా మీద పెట్టొచ్చు. తూర్పుదేశాల నుంచి వచ్చిన యూదుల్లో ఎక్కువమంది రబ్బీ (మతగురువు) ఓవదియా యోసెఫ్ చెప్పిన తీర్పు ప్రకారం నడుస్తారు. ఆయనా బాగ్దాద్‌లో పుట్టినవారే, 2013లో పోయారు. బ్నే బ్రాక్ ఇంట్లో అలా నేరుగా పెట్టరు. ప్లాటా మీద ఒక ఖాళీ పళ్ళెం బోర్లించి దాని మీద పెట్టాలి. చూసేవాళ్ళకి అది వంట పద్ధతి కాదని తెలియాలట. పళ్ళెం బోర్లిస్తే వేడి తగ్గుతుంది కాబట్టి కోడిముక్క వెచ్చబడటానికి గంటన్నర పడుతుంది. పది గంటలకే పెట్టేస్తే వాళ్ళు సినగాగ్ (ప్రార్థనా మందిరం) నుంచి వచ్చేసరికి సరిపోతుంది.

చల్లారిన పులుసు గానీ సూప్ గానీ రెండిళ్ళలోనూ పెట్టకూడదు. పొడి పదార్థం ఒకసారి ఉడికాక మళ్ళీ వేడి చేస్తే వండినట్టు కాదు, చల్లారిన ద్రవం మళ్ళీ కాగితే వండినట్టే లెక్క. నాకు ఇది తెలిసిన రోజు ఇంకా కళ్ళముందే ఉంది. వచ్చిన మూడోవారం. సవ్తాకి నీరసంగా ఉందని ఫ్రిజ్‌లో ఉన్న కోడి సూప్ తీసి ప్లాటా మీద పెట్టాను. పదకొండింటికి ఆవిరి చూసి ఆమె వీల్‌చైర్ దగ్గరికి జరుపుకుంది. మూత మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకుంది. ఒక్క మాట అనలేదు. చల్లటి చేపముక్క, రొట్టె తిని, ఆ గిన్నె నా వైపు తోసి "నువ్వు తిను మామీ (అంటే బంగారూ), నీకు తప్పులేదు" అంది. ఆమె కోసం నేను షబ్బాత్‌లో చేసిన పని ఫలితాన్ని ఆమె అనుభవించకూడదు. ఆ సూప్ నాకు గొంతు దిగలేదు.

అప్పటి నుంచీ శనివారం కోసం తడి కూరలు చేయడం మానేశాను. మన వంటల్లో ప్లాటాకి అన్నిటికన్నా బాగా కుదిరేది పులిహోర. పొడిగా ఉంటుంది, నూనె పట్టి ఉంటుంది, పొద్దున వెచ్చబెడితే ఇంకా రుచి. బాగ్దాద్ సవ్తాకి చింతపండు పులుపు ప్రాణం. పప్పు మాత్రం రాత్రంతా ఉంచితే అడుగున అట్టకడుతుంది. షబ్బాత్‌లో నీళ్ళు కలిపి సరిచేయలేం.

రాత్రంతా ఉంచడానికే పుట్టిన వంటలు వేరే ఉన్నాయి. ఇరాకీ ఇళ్ళలో త్బీత్ చేస్తారు. కోడి కడుపులో బియ్యం, టమాటా, మసాలా కూరి, చుట్టూ మరిన్ని బియ్యం పోసి, పైన పెంకుతోనే గుడ్లు పెడతారు. తెల్లారేసరికి గుడ్డు తెల్లసొన కూడా ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. పోలండ్ వాళ్ళ చోలెంత్‌లో బార్లీ, చిక్కుళ్ళు, బంగాళాదుంపలు, మాంసం. పలక మధ్యలో వేడెక్కువ, అంచుల్లో తక్కువ. చోలెంత్ గిన్నెకి నడిమధ్య, అన్నం గిన్నెకి మూల అని గుర్తుపెట్టుకుంటే మాడదు. ఉతికిన పాత దుప్పటి ఒకటి పైన కప్పుతారు. దేన్ని ఎంతవరకు కప్పొచ్చు అనేదానికీ నియమం ఉంది కాబట్టి ఆ ఇంటివాళ్ళని అడగకుండా కప్పకండి.

వంట మొదలుపెట్టే తీరు ఇంకా ముఖ్యం. యూదులు కానివాళ్ళు ఒంటిచేత్తో వండింది వాళ్ళు తినకూడదనే నియమం ఉంది. మాలాంటివాళ్ళ చేతి వంట మీద నడిచే ఇంట్లో ఇది రోజూ ఎదురయ్యే విషయం. బ్నే బ్రాక్‌లో సవ్తా గ్యాస్ వెలిగిస్తే చాలు, మిగతాది నేను వండుకుంటాను. బాగ్దాద్ సవ్తాకి వెలిగించడం సరిపోదు, గిన్నె కూడా తనే పొయ్యి మీద పెట్టాలి. ఆమె చేతులు వణికేవి. వీల్‌చైర్ పొయ్యి పక్కకి తెచ్చి ఖాళీ గిన్నెలో బియ్యం, కాసిని నీళ్ళు పోసి ఆమె చేతికిచ్చేదాన్ని. కింద నా చెయ్యి ఆనించేదాన్ని. ఆమె రెండు చేతులా పట్టుకుని పొయ్యి మీద దించేది, తర్వాత మిగతా నీళ్ళు నేను పోసేదాన్ని. మొదట్లో ఇది నా చేతివంటని తక్కువ చేయడమేమో అని మనసు చివుక్కుమంది. ఐదేళ్ళు ఆమెతో కలిసి గిన్నె దించాక ఆ బాధ పోయింది. చివరి నెలల్లో ఆమె మంచం దిగి చేసిన పని అదొక్కటే.

టైమరు సంగతి. షబ్బాత్‌లో స్విచ్చి ముట్టకూడదు కాబట్టి అన్నీ వాటంతటవే వెలిగి ఆరేలా ముందే పెట్టుకునేది ఇది. గుండ్రటి పలక చుట్టూ చిన్న చిన్న పుల్లలుంటాయి. ఒక్కో పుల్ల 15 నిమిషాలు, మొత్తం 96. దీపాలు, ఫ్యాను, ఏసీ అన్నిటికీ ఇదే. నేను మూడు రకాలు వాడాను. పుల్లల టైమరే మేలు. బ్యాటరీ ఉన్న డిజిటల్‌వి చూడ్డానికి బాగుంటాయి కానీ బ్యాటరీ అయిపోతే పెట్టిన టైములన్నీ పోతాయి. పుల్లల టైమరుకీ ఒక లోపం ఉంది. కరెంటు పోతే అది అక్కడే ఆగిపోతుంది, వచ్చాక అక్కడినుంచే నడుస్తుంది. నలభై నిమిషాలు కరెంటు పోతే దీపాలు నలభై నిమిషాలు ఆలస్యంగా ఆరతాయి. ఇంకో చిక్కు మార్చి చివర్లో. ఇక్కడ వేసవి టైము శుక్రవారం తెల్లవారుజామున మారుతుంది. గోడ గడియారం మార్చి టైమరు మార్చడం మరిచిపోతే ఆ రాత్రంతా టెన్షనే. నాకు రెండేళ్ళు వరసగా అదే జరిగింది. ఇప్పుడు ఫోన్లో అలారం పెట్టుకున్నాను.

ప్లాటా, నీళ్ళ మెహం, ఏసీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టొద్దు. ఒక చిన్న కొట్లో కొన్న బాక్సు మా ఇంట్లో శుక్రవారం రాత్రి కరిగి వాసన వచ్చింది. పొగ చూసి ప్లగ్గు లాగేశాను. అలాంటప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు, ప్రాణానికి ముప్పు ఉంటే షబ్బాత్ పక్కకి తప్పుకుంటుంది.

మెహం అంటే నీళ్ళు వేడిగా ఉంచే పాత్ర. షబ్బాత్‌కి కొనేదాంట్లో నీళ్ళు వంపేటప్పుడు కొత్తగా హీటర్ రాజుకోకూడదు, షబ్బాత్ మోడ్ ఉందో లేదో చూసి కొనండి. టీ పొడి మీద నేరుగా నీళ్ళు పోయకూడదు, అదీ వండినట్టే లెక్క. మెహం నుంచి ఒక పొడి గ్లాసులోకి, అందులోంచి ఇంకో గ్లాసులోకి, ఆపైన టీ. మా సవ్తా అయితే శుక్రవారమే చిక్కటి డికాషన్ కాచి పెట్టుకుంటుంది. మనకి అది అలవాటే కాబట్టి సులువు.

నాకు మొదట్లో అంతు పట్టనిది లైట్ల విషయం. "లైటు వెయ్" అని సవ్తా ఒక్కసారీ అనలేదు. యూదులు కానివాళ్ళకి కూడా ఆ రోజు పని చెప్పకూడదు. జబ్బుమనిషి అవసరానికి అడగొచ్చని రబ్బీలు చెప్పినా ఆమె నోటికి రాదు. "ఇక్కడ చీకటిగా ఉంది" అనేది. నేను "అవును సవ్తా, చీకటిగానే ఉంది" అని ఊరుకునేదాన్ని. మూడు నెలలు పట్టింది ఆ మాట అర్థం కావడానికి. నా కోసం, నా పని కోసం నేను లైటు వేసుకుంటే ఆ వెలుగులో ఆమె కూర్చోవచ్చు. అందుకే నా చీర మడత పెట్టుకునే పని ఆమె గదిలోనే పెట్టుకునేదాన్ని.

ఒక శుక్రవారం రాత్రి బ్నే బ్రాక్ సవ్తాకి షుగర్ పడిపోయింది. చెమటలు, మాట తడబడటం. నేను ఫోన్ తీసేలోపే పై అంతస్తులో ఉండే రబ్బీగారు వచ్చి తన చేత్తోనే అంబులెన్సు నంబరు 101 నొక్కారు. నేను చేస్తానన్నాను. "లేదు, ఇలాంటప్పుడు మేమే చేయాలి, నీ మీదకి నెట్టకూడదు" అన్నారు. షుల్హాన్ అరూఖ్‌లోనే అలా ఉందని తర్వాత వివరంగా చెప్పారు. అది సఫేద్‌లో యోసెఫ్ కారో రాసి 1565లో వెనిస్‌లో అచ్చయిన ధర్మశాస్త్రం. ప్రాణం నిలపడానికి షబ్బాత్ మీరే పనిని పిల్లలకో వేరే మతం వాళ్ళకో అప్పగించకూడదు, ఎదిగిన, తెలిసిన యూదుడే ముందుకి రావాలి. ఆ పనిని పాపంలా చూడకూడదు కాబట్టి. ఆ రోజు నుంచి ఈ నియమాలంటే నాకు గౌరవం పెరిగింది.

పాలు, మాంసం గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే మన వాళ్ళకి ఇది తొందరగా పడుతుంది. మా రాజోలు వైపు నీచు గిన్నెలు వేరుగా పెట్టే ఇళ్ళున్నాయి. ఇక్కడ మాంసానికి ఎర్రరంగు, పాలకి నీలం రంగు గిన్నెలు, స్పాంజీలు, రెండు సింకులు. రెండూ కానివి పర్వే. మాంసం తిన్నాక ఆరు గంటలు పాలు ముట్టరు. ఒకసారి నేను పాల చెంచాతో కోడి గిన్నె కలిపేశాను. కళ్ళు తిరిగినంత పనైంది. ఇంటివాళ్ళు రబ్బీకి ఫోన్ చేస్తే ఆయన అడిగినవి మూడే. ఆ చెంచా గత 24 గంటల్లో వేడి పాలలో వాడారా, గిన్నె వేడిగా ఉందా, చెంచా కంటే గిన్నెలో పదార్థం అరవై రెట్లు ఉందా. చెంచా రెండు రోజులుగా డ్రాయర్లోనే ఉంది. కూర తినొచ్చన్నారు, చెంచాని మాత్రం మరిగే నీళ్ళలో ముంచి శుద్ధి చేయమన్నారు. ఎవరూ కోప్పడలేదు. తప్పు దాచిపెట్టడం కన్నా చెప్పేయడమే మంచిది.

ద్రాక్షసారా సీసా మాత్రం మీరు ముట్టుకోకండి. లేబుల్ మీద మెవుషల్, అంటే కాచినది, అని ఉంటే మీరు వంపినా ఫర్వాలేదు. లేకపోతే మన చేతితో వంపినది వాళ్ళు తాగరు. బ్నే బ్రాక్ ఇంటివాళ్ళు నేను చేరాక మెవుషల్ సీసాలే తెస్తున్నారు. నాకు ఇబ్బంది కలగకూడదని వాళ్ళంతట వాళ్ళే మార్చుకున్నారు.

పస్కా, అంటే పులిసిన పిండి తినని పండగ, వచ్చినప్పుడు ప్లాటా కూడా మారుతుంది. బాగ్దాద్ సవ్తా ఇంట్లో పస్కాకి అన్నం తింటారు కానీ బియ్యాన్ని మూడుసార్లు ఏరాలి. తెల్లగుడ్డ మీద పోసి గోధుమగింజ కలిసిందేమో అని ఒక్కో గింజా చూసేవాళ్ళం. నాలుగు కిలోలకి మూడు సాయంత్రాలు పట్టేది. ఆమె కళ్ళకి కనిపించదు, గింజల్ని వేలితో జరుపుతూ బాగ్దాద్ కబుర్లు చెప్పేది. బ్నే బ్రాక్‌లో ఆ వారం బియ్యం, పప్పు ధాన్యాలు వంటింట్లోకి రావు. ఏడు రోజులూ నాకు బంగాళాదుంపే.

కొనేవాళ్ళకి నా మాట ఇది. ప్లాటా నాలుగు గిన్నెలది తీసుకోండి, ఇద్దరే ఉన్నా సరే, రెండు గిన్నెలది చోలెంత్ పెడితే నిండిపోతుంది. పైపూత లేచిపోయేవి వద్దు, స్టీలు రేకుది పదేళ్ళు నిలుస్తుంది. మా పాతదానికి ఎనిమిదో ఏట వైరు మార్పించడం తప్ప ఏమీ కాలేదు. టైమరు రెండు కొని ఒకటి డబ్బాలో ఉంచుకోండి. డిసెంబరులో షబ్బాత్ దీపాలు సాయంత్రం నాలుగు గంటలు దాటిన కాసేపటికే వెలిగిస్తారు, సూర్యాస్తమయానికి కనీసం 18 నిమిషాల ముందు, యెరూషలేంలో అయితే 40. బ్నే బ్రాక్‌లో సైరన్ కూడా మోగుతుంది. ఆ సైరన్‌కి గంట ముందే ప్లాటా ప్లగ్గు పెట్టి, తలుపు తీస్తే వెలగకుండా ఫ్రిజ్ లోపలి బల్బు వదులు చేసి, షబ్బాత్‌లో చింపకూడదు కాబట్టి టాయిలెట్ కాగితం ముక్కలు ముందే చింపి పెట్టుకోండి.